నికానోర్ మీసానికి గండం

సబ్బు, కత్తి, అద్దం. మూడూ తెచ్చుకుని మరీ నికానోర్ ఓడెక్కాడు తోటి కెప్టెన్ ఎవరిస్తో.

"పన్నెండు దాకా టైముంది బావా. నీ పాటకి తిమింగలం వస్తే నా మీసం తీసేస్తా. రాకపోతే నీది," అన్నాడు కత్తి పదును చూసుకుంటూ.

కెప్టెన్ నికానోర్ నవ్వి తన మీసం ఓసారి దువ్వుకున్నాడు. మామూలు మీసమా అది. ముప్ఫై ఏళ్ళుగా నూనె రాసి పెంచింది. మగ్దలేనా అఖాతంలో ఎదురొచ్చేవాళ్ళకి ముందు ఆ మీసం కనిపించేది, తర్వాతే ఓడ.

ఓడ కూడా పెద్దదేం కాదు. పన్నెండు మంది కూర్చుంటే పదమూడోవాడు నిలబడాలి. ఒక పక్క ఎడారి ఇసుక దిబ్బలు, ఒక పక్క నీళ్ళు. ఫిబ్రవరిలో పిల్లల్ని వెంటేసుకుని తిరిగే తిమింగలాల్ని జనానికి చూపించడం అతని బతుకుతెరువు. ఏ ఓడెక్కినా అవి దూరంగా కనిపిస్తాయి. నికానోర్ ఓడ దగ్గరికి మాత్రం వచ్చి ఆనుకుని నిలబడతాయి. అది తన గొంతు మహిమ అంటాడు అతను. ఒకసారి కాదు, రేవులో కాఫీ తాగిన ప్రతిసారీ అంటాడు.

వినీ వినీ ఎవరిస్తోకి ఒళ్ళు మండిపోయింది. అతనిదీ అలాంటి ఓడే. దాని దగ్గరికి గూడబాతులు కూడా రావు. అందుకే ఈ పందెం.

"ఇంజను ఆపాలి. చేత్తో నీళ్ళు కొట్టకూడదు. ఒట్టి పాటే," అన్నాడు.

"ఆపేస్తా. నా గొంతుకి ఇంజను తోడెందుకు?" అన్నాడు నికానోర్. అక్కడితో ఊరుకోవచ్చుగా. మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేశాడు. "ఏమే తోమాసా, ఇవాళ ఆ మర తిప్పకు."

తోమాసా అతని భార్య. ఓడలో వంట ఆవిడదే. ఆ వంటగదిలోకి మొగుణ్ణి అడుగు పెట్టనివ్వదు. అక్కడ ఓడ గోడకి బోల్టులతో బిగించిన ఇనప పిండిమర ఒకటుంది. ఇతను ఇక్కడ గొంతెత్తడం, ఆవిడ అక్కడ మర తిప్పడం. గరగరమని ఓడంతా అదిరిపోతుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మోత లేకుండా ఒక్క పాటైనా పాడుకోలేదని నికానోర్ ఏడుపు.

"నీ పాట వినలేకే తిప్పుతున్నా," అనేది తోమాసా.

ఇవాళ మాత్రం రెండు మెట్లెక్కి తల బయటపెట్టింది. "నిజంగానే ఆపమంటావా? బాగా ఆలోచించుకో."

"ఇవాళన్నా నా పాట శుభ్రంగా విననీవే జనాన్ని."

"సరే. నీ మీసం, నీ ఇష్టం," అని దిగిపోయింది.

నికానోర్ ఓడ ముందుకి వెళ్ళి, ఛాతీ పొంగించి ఎత్తుకున్నాడు. మొదటి పాటకి దిబ్బ మీది గూడబాతు లేచిపోయింది. రెండో పాటకి, గ్వాదలహారా నుంచి వచ్చిన ఒఫెలియా టీచరమ్మ దూది ఉందా అని పక్కావిణ్ణి అడిగింది. తిమింగలాలు దూరంగా నీళ్ళు చిమ్ముకుంటూ తమ పనిలో తాము ఉన్నాయి. ఒక్కటీ ఇటు తిరగలేదు.

పదకొండింటికి తోమాసా అందరికీ బీన్సు, వేడి వేడి గోధుమ రొట్టెలు తెచ్చిపెట్టింది.

"మొక్కజొన్న రొట్టెలు చెయ్యవా అమ్మా?" అంది టీచరమ్మ.

"మా ఉత్తరాదిలో అందరం గోధుమే టీచరమ్మా. మొహమాటపడకండి, నిన్ననే రేవులో కొత్త పిండి బస్తా ఎక్కించాం."

"ఏ రొట్టె అయినా పరవాలేదులే. ఆ పాటకి ఏదైనా చెయ్యి."

పదకొండున్నరకి నికానోర్ గొంతు బొంగురుపోయింది. ఎవరిస్తో తీరిగ్గా సబ్బు నురగ కలపడం మొదలెట్టాడు. నికానోర్ తన మీసం తడిమి చూసుకున్నాడు. ఒట్టి మీసంతో పోయేదా ఇది? రేపట్నుంచి రేవులో తలెత్తుకోలేడు. పాటల కెప్టెన్ అంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

పది నిమిషాలుందనగా ఎవరిస్తో ఆగలేక, నికానోర్ ఎడమ వైపు మీసానికి నురగ పూసేశాడు. "ముందుగా నానితే నొప్పెట్టదు బావా," అన్నాడు.

తోమాసా మళ్ళీ మెట్ల మీదికొచ్చి చూసింది. "ఇంకా పాడతావా, మానేస్తావా?"

"ఇదే ఆఖరి పాట. నువ్వు కూడా తిప్పుకోవే నీ మర. ఇంకేం మిగిలింది కనుక."

ఆవిడ రెండేసి మెట్లు దిగి వెళ్ళింది.

గరగర మొదలైంది. సగం మీసం నురగతో, కళ్ళ నిండా నీళ్ళతో నికానోర్ ఎత్తుకున్నాడు. చరణం ఇంకా పూర్తి కాలేదు. ఓడ పక్కన నీళ్ళు ఉబికాయి. ముందు ఒక పెద్ద బూడిదరంగు వీపు, దాని వెనకే పిల్ల. ఆ వెనక ఇంకో మూడు. తల్లి వచ్చి ఓడకి ఆనుకుని భుస్సుమని ఊపిరి వదిలింది. కుళ్ళు చేపల కంపు కొట్టే ఆ తుంపర అంతా ఎవరిస్తో నెత్తిన పడింది. టీచరమ్మ దూది తీసి పారేసి చప్పట్లు కొట్టింది.

ఎవరిస్తో మాట మీద నిలబడే మనిషి. కలిపిన నురగ వృథా పోనివ్వకుండా అక్కడే గీసేసుకున్నాడు. మొహం ఒలిచిన గుడ్డులా తేలింది.

నికానోర్ మీసం మెలేసి, కిందికి వినపడేలా అరిచాడు. "చూశావటే తోమాసా? నీ మర మోతలో కూడా వాటికి నా గొంతు వినపడింది."

"చూశాను, చూశాను. ఆపకుండా పాడు," అని కింది నుంచి వచ్చింది జవాబు.

చెయ్యి నొప్పెడుతున్నా తోమాసా, కిటికీ అవతల ఓడ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్న తల్లి తిమింగలాన్ని చూసుకుంటూ, ఇరవై రెండేళ్ళలో ఒక్క గింజైనా పడని ఆ పిండిమరని తిప్పుతూనే ఉంది.