బావా బామ్మర్దుల బదిలీ

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తకపోతే ఆ కుర్రాణ్ణి అమ్మేవాళ్ళా?" క్యాబేజీల గుట్టకి అటువైపు నుంచి బామ్మర్ది అరిచాడు.

"ఎత్తాను. మళ్ళీ అడిగినా ఎత్తుతాను. ఏం చేస్తావ్?" ఇటువైపు నుంచి బావ అరిచాడు.

సూపర్‌మార్కెట్ షట్టరు అప్పుడే తీశారు. అద్దాల గదిలో మేనేజరు తల పట్టుకున్నాడు.

ఆయన వేరే ఊరి మనిషి. ఈ షాపుకి కొత్త. వచ్చేముందే పై ఆఫీసువాళ్ళు చెప్పేశారు. అక్కడ గొడవలని జనం ఫిర్యాదులు చేస్తున్నారు, ఇంకొక్కటి వచ్చిందా, నీ ఉద్యోగం ఉండదు అని.

గొడవలంటే ఇవే. బావ కూరగాయలు తూస్తాడు. బామ్మర్ది గోడౌన్‌లోంచి సరుకు మోసుకొచ్చి సర్దుతాడు. ఇద్దరూ ఒకే ఫుట్‌బాల్ క్లబ్బుకి ప్రాణమిచ్చే మనుషులు. అదే వచ్చిన తంటా. వేరే వేరే క్లబ్బులైతే ఒకసారి కొట్టుకుని ఊరుకునేవాళ్ళు. ఒకటే క్లబ్బాయె, ఎక్కడ ఊరుకుంటారు?

మేనేజరుకి అర్థమైనంతలో సంగతి ఇదీ. క్లబ్బువాళ్ళు గాలిపటం అనే కుర్ర ఫార్వర్డుని అమ్మేశారు. ఆ డబ్బు పెట్టి ముగ్గురు పాత ఆటగాళ్ళని కొన్నారు. సభ్యుల మీటింగులో అమ్మెయ్యమని చెయ్యెత్తినవాళ్ళలో బావ ఒకడు.

ఇంత ముక్కకి వాళ్ళు చేసే రభస చెబితే నమ్మరు. ఆ అరుపులకి పై అరలో సబ్బులు వాటంతటవే దిగి గుమ్మం దాకా నడిచేవి. ఫ్రిజ్‌లో పాలు ప్యాకెట్టు విప్పకుండానే విరిగిపోయేవి. పాపం, టమాటాల కోసం వచ్చిన ఒకావిణ్ణి బామ్మర్ది పట్టుకుని, "మీరే చెప్పండమ్మా, పరిగెత్తే కుర్రాణ్ణి అమ్ముకుని, మోకాళ్ళరిగిన ముగ్గుర్ని కొంటారా ఎవరైనా?" అని నిలదీశాడు. ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా పోయింది.

"మరి క్లబ్బు అప్పులెవరు తీరుస్తార్రా? మీ తాతా?" అన్నాడు బావ.

"తీరాయా అప్పులు? ఆ ముగ్గురి జీతాలకే ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. గోల్‌కీపరుకి గ్లౌజులు కొనే దిక్కు లేకుండా పోయింది!"

"నీ గాలిపటంగాడు మాత్రం ఏం పొడిచాడు? బంతి అందితే చాలు, ఆకాశంలోకి తన్నేవాడు. వాడి దెబ్బకి కాకులు ఊరొదిలి పోయాయి."

"కాకులు పోతే పోయాయి. నీ దెబ్బకి జనం పోయారు!"

"నోర్ముయ్. మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా."

"ఆ మొహం చూసే నేనూ నిన్ను బావా అంటున్నా."

ఆ అక్క బిల్లింగ్ కౌంటర్లోనే ఉంది. ఏమీ విననట్టు టకటకా బిల్లులు కొడుతోంది. కట్టుకున్నవాడొకడు, తోడబుట్టినవాడొకడు. ఎవర్నని అంటుంది?

మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు. "ఆదివారం మ్యాచ్‌కి పోయి అక్కడ తిట్టుకోండయ్యా! నా షాపులో ఎందుకు?"

ఇద్దరూ ఆయన్ని ఎగాదిగా చూశారు. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మళ్ళీ ఒకళ్ళ మీదికొకళ్ళు తిరిగారు.

"ఎత్తిన ఆ చెయ్యి పడిపోను!" అన్నాడు బామ్మర్ది.

బావ చేతిలో క్యాబేజీ ఉంది. మరుక్షణం లేదు. అది బామ్మర్ది చెవి పక్కనుంచి దూసుకుపోయి గుడ్ల అట్టల మీద దిగింది. కోళ్ళు ఇంకా పెట్టని గుడ్లు కూడా పగిలినంత చప్పుడైంది.

మేనేజరు అక్కతో సహా ముగ్గుర్నీ గదిలోకి పిలిచి తలుపేశాడు.

"రేపట్నుంచి మీలో ఒకడు ఊరి అవతల బ్రాంచికి పోవాలి. అక్కడ జీతం ఎక్కువ, పని తక్కువ. ఎవరు పోతారో మీరే తేల్చుకోండి. తేల్చకపోతే ఇద్దరూ ఇంటికే."

ఎగిరి గంతేస్తారనుకున్నాడు. ఇద్దరి మొహాల్లో నెత్తుటి చుక్క లేదు.

"వాణ్ణి పంపండి సార్," అన్నాడు బావ.

"ఆయన్నే పంపండి. నాకు జీతం సగమే ఇవ్వండి, ఇక్కడే పడుంటా," అన్నాడు బామ్మర్ది.

"నాకు ఆ సగం కూడా వద్దు సార్. మూటలు మొయ్యమన్నా మోస్తా." బావ అందుకున్నాడు.

"ఒకడంటే ఒకడికి పడదు. పంపిస్తానంటే పోరు. మీరు మనుషులేనా?"

బావ కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుందో లేదో, "అంతా నీ వల్లే" అంటే "నీ వల్లే" అని మళ్ళీ మొదలు.

అక్క ఒక్కతే మిగిలింది. మేనేజరు కుర్చీలో కూలబడి ఫోన్ తీశాడు.

"ఇద్దర్నీ తీసేస్తున్నానని పై ఆఫీసుకి చెప్పేస్తున్నానమ్మా. నాకింకో దారి లేదు. పోనీ, నువ్వైనా చెప్పు. అంత మంచి బ్రాంచి ఇస్తానంటే ఈ షాపు వదలడానికి వాళ్ళకేం రోగం?"

అక్క మెల్లగా అంది. "మా క్లబ్బు మూతపడి పదేళ్ళయింది సార్, గ్రౌండు అమ్మేస్తే దాని మీద కట్టిందే ఈ షాపు, మీరిప్పుడు కూర్చున్నది మా గోలుపోస్టులో."