రేవు తాళం

డాక్టరు తాతాజీ ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. ఎదురుగా చొక్కా విప్పుకుని కూర్చున్న దొరబాబు గుటక మింగాడు.

ఆ గుటక కోసం తాతాజీ ఆరేళ్ళు ఎదురుచూశాడు.

ఆనాడు కాన్పు కష్టమైన భార్య అన్నపూర్ణను కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని బండిలో రేవుకు చేర్చాడు. ఏరు నిదానంగా ఉంది. పడవకు మాత్రం గొలుసు వేసి ఉంది. తాళంచెవి రేవును వేలంపాటలో దక్కించుకున్న దొరబాబు మొలతాడుకుంది. దొరబాబు పాకలో పేకాడుతున్నాడు.

"ఈ ఆట అవనివ్వండి డాక్టరుగారూ, వచ్చేస్తన్నాను" అన్నాడు, ముక్కల మీంచి తలెత్తకుండా.

ఆట అయ్యేసరికి అన్నపూర్ణ లేదు.

"ఏవుందండీ ఆ ఫిలింలో?" దొరబాబు భార్య బుజ్జమ్మ ఆత్రంగా అడిగింది.

"గుండె మీద పెద్ద రక్తనాళం ఇది. వంపులో తెల్లగా నెలవంకలా ఉందే, అది సున్నం. ఇలా పేరుకున్నవాళ్ళకి గుండెకు రక్తమిచ్చే నాళాలూ పూడుకుపోతుంటాయమ్మా."

"మొన్న పనసతొనలు తెగ మెక్కేరు. గుండెల్లో మంట దానివల్లేననుకున్నానండి."

"నువ్వూరుకోవే!" దొరబాబు భార్యను కసిరి, డాక్టరు వైపు తిరిగాడు. "మందుందాండీ?"

'ఈ ఆట అవనివ్వండి' అనబోయి ఆగాడు తాతాజీ. లేచి, కుర్చీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. కోపమనుకుని దొరబాబు తల దించుకున్నాడు.

"నొప్పి ఎప్పుడొస్తుందో చెప్పలేం. వస్తే వెంటనే ఏరు దాటించాలి. ఇకనుంచి పడవకి గొలుసు వెయ్యకూడదు. రాత్రీ పగలూ ఓ మనిషి అందులోనే ఉండాలి. ఎవరు కేకేసినా కదలాలి. ఆ అలవాటుంటేనే మీ వేళకీ కదులుతాడు."

"ఆయ్."

"పేకాట మానెయ్యాలి."

"ఆయ్."

"తాళంచెవి ఇలా ఇవ్వండి."

దొరబాబు మొలతాడు ముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. బుజ్జమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. జాలి వేస్తుందేమోనని భయపడ్డాడు తాతాజీ. వెయ్యలేదు.

వాళ్ళ జట్కా కదిలాక ఆయన నాలుక కింద మాత్ర పెట్టుకుని, ఏ మచ్చా లేని దొరబాబు ఫిలింను సొరుగులోంచి తీసి బీరువాలో దాచి, వాళ్ళకి చూపించిన ఫిలింను రోగి పేరు దగ్గర తన పేరే ఉన్న కవరులోకి జార్చాడు.