మొగిలికుంట పిట్టలు

"కాకిని కొట్టేసిండ్రా?"

బాలనర్సయ్య పిట్టల పేర్లు రాసిన కాగితం మీదికి వంగి అడిగాడు. అతనికి చదువు రాదు. అయినా తను మొదట రాయించింది కాకి పేరేనని, దాని మీద అడ్డంగా గీసిన ఎర్రసిరా గీతకు అర్థం ఏమిటో తెలుసు.

"కాకి ఒక్కటే కాదు తాతా. గుడ్లగూబ, రాబందు, తీతువు కూడా వద్దన్నారు ఆఫీసులో," అంది కృష్ణప్రియ.

"ఎందుకంట?"

"నాకు చెప్పలేదు. వాటి బదులు వేరేవి నాలుగు చూసి రాయమన్నారు."

"కాకంటే ఊరంత ఉంటది, పోనీ. తీతువేం జేసింది బిడ్డా?"

కృష్ణప్రియ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

కోకాపేట దిగువన, మూసీలో కలిసే వాగు మీద ఉంది మొగిలికుంట. దాని ఒడ్డున బాలనర్సయ్యకు రెండెకరాలుంది. ఏటా దుక్కికి ముందు భార్య సక్కుబాయి చేనంతా తిరిగేది. తీతువు నేలమీదే గుడ్లు పెడుతుంది. అవి కనబడిన చోటల్లా చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి వచ్చేది. అక్కడికి రాగానే అతను నాగలిని పక్కకు తిప్పేవాడు. పోయిన శ్రావణంలో కామెర్లు ముదిరి సక్కుబాయి పోయింది.

మాదాపూర్‌లో అద్దాల మేడ లేచినప్పటి నుంచి ఊళ్లోకి జీపులు రావడం ఎక్కువైంది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు కట్టే ఒక కంపెనీకి పొలాలు అమ్ముకున్నారు. బాలనర్సయ్య అమ్మలేదు. కుంటలోకి నీళ్లొచ్చే కాలువ అతని చేలోంచే పోతుంది. అది చేతికి రాకుండా కంపెనీవాళ్లు ఏమీ మొదలుపెట్టలేరు. మేనేజరు ఓంకార్ నాలుగుసార్లు వచ్చాడు.

"నేనిస్తే మీరు కుంట పూడుస్తరు సారూ. నేనియ్య," అని నాలుగుసార్లూ పంపేశాడు.

అయిదోసారి ఓంకార్ రాలేదు. మెడలో దుర్భిణి వేసుకుని కృష్ణప్రియ వచ్చింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివిన పిల్ల. ఉండేది చందానగర్‌లో. అదే ఆమెకు మొదటి ఉద్యోగం.

"కుంటకు వచ్చే పక్షుల పేర్లు రాసుకు రమ్మన్నారండి. తెలుగు పేర్లే కావాలట," అంది.

కంపెనీ మనిషని తెలిసి మొదట గట్టు మీదే నిలబెట్టాడు. ఇంతలో తుంగలోంచి ఏదో కూసింది. ఆ పిల్ల మాట ఆపేసి అటే చెవి పెట్టింది. సక్కుబాయీ అంతే, వండుతూ వండుతూ గరిట పట్టుకుని ఆగిపోయేది.

"అది జమ్ముకోడి. జర ఇటొచ్చి నిలవడు, కనబడ్తది," అన్నాడు బాలనర్సయ్య.

ఆ చలికాలమంతా ఇద్దరూ తెల్లవారేసరికి గట్టు మీద ఉండేవారు. కూత విని అతను పేరు చెప్పేవాడు. దుర్భిణిలో చూసుకుని ఆమె రాసుకునేది. బుడబుంగ, లకుముకిపిట్ట, నారాయణపక్షి, ఉల్లంకి. అతనికి పేరు తెలియనిది వస్తే పుస్తకం తిరగేసి ఆమె చెప్పేది. ఒక పొద్దున నల్లకంకణ పిట్టలు ఏడు వచ్చి నీళ్ల అంచున దిగాయి. అవి లేచిపోయేదాకా ఆమె దుర్భిణి దించలేదు.

"మీ అవ్వ ఉంటే మస్తు సంబురపడేది," అన్నాడు తర్వాత.

కొట్టేసినవి పోగా లెక్క నలభై రెండుకు చేరిన రోజున ఆమె పుస్తకం మూసి, "ఇక చాలట తాతా. సరిగ్గా ఇన్నే అడిగారు," అంది.

"పూడ్చెటోళ్లయితే ఇంత కష్టపడి పిట్టల పేర్లెందుకు రాయిస్తరు బిడ్డా?"

"నేనూ అదే అనుకుంటున్నాను. వీటి కోసం కుంటను ఉంచేస్తారేమో."

ఆ వారంలోనే ఓంకార్ వచ్చాడు. కాగితం చేతిలో పట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మా పెద్దసారుకు ఈ పేర్లు ఎంత నచ్చాయో పెద్దాయనా. వీటిలో ఒక్కటి కూడా పోనివ్వం. నా మాట నమ్ము."

బాలనర్సయ్య నమ్మాడు. సక్కుబాయి ఉన్నా నమ్మేదే అనుకున్నాడు. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేశాడు.

తర్వాత కళ్లలో పొరలు తీయించుకోవడానికి పట్నంలో దవాఖానాకు పోయి, చెల్లెలింట్లో నెలన్నర ఉన్నాడు. కొత్త అద్దాలతో ఊళ్లో దిగి తిన్నగా కుంటకు నడిచాడు.

కాలువ లేదు. టిప్పర్లు వరసగా వచ్చి ఎర్రమట్టి పోసి పోతున్నాయి. నడిమధ్య చాపంత మడుగు మిగిలింది. ఒక కొంగ దాని చుట్టూ అడుగులు వేస్తోంది.

గట్టు ఉండిన చోట కృష్ణప్రియ నిలబడి ఉంది. ముఖం ఉబ్బి ఉంది.

"నాకు తెలియదు తాతా. నిన్న ఆఫీసుకు పోయి అడిగాను. ఉద్యోగం మానేశాను," అంది.

బాలనర్సయ్య కండువాతో అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకో టిప్పరు మట్టి కుమ్మరించి వెళ్లేదాకా ఆగాడు.

"పూడ్చేదే ఉంటే, మరి ఆ పేర్లెందుకు రాయించిండ్రు బిడ్డా?"

ఆమె తల వంచుకుంది.

"కట్టబోయే నలభై రెండు ఇళ్లకు పెట్టడానికి తాతా."