తేలికపాటి బీరు

ఎండలు ముదరగానే తిరుమలరావు ఇంట్లో బీరు తయారీకి పూనుకున్నాడు. మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమలు, బార్లీ ఉడికించి, వడగట్టి, తేనె కలిపి, ఈస్టు వేశాడు. డబ్బాకు మూత బిగించి బాత్రూం మూల పెట్టాడు.

"లైటుగా ఉంటది దుర్గా. ఒంటికి సలవ," అన్నాడు భార్యతో.

దువ్వాడలో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. పులిసిన గోధుమల కంపు పరుపులకీ, పాప యూనిఫాంకీ కూడా పట్టింది. మూత చుట్టూ మురికి నురగ. నురగ మీద ఈగలు. స్నానానికి వెళ్ళినప్పుడల్లా దుర్గ ముక్కు మూసుకునేది.

పదును రాగానే బీరు సీసాల్లోకి ఎక్కించి ఫ్రిజ్‌లో సర్దాడు. ఇక డ్యూటీ లేని మధ్యాహ్నం వస్తే చాలు, గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. ఒక సీసా అయ్యేసరికి మాట ముద్దయ్యేది. ఇంకోటి తెరిచేసరికి నోరు లేచేది.

ఒకరోజు దుర్గ వండిన చేపల పులుసులో ఉమ్మేశాడు.

"మీయమ్మ నేర్పిన వంటేటే ఇది? కుక్కలు కూడా ముట్టవు!"

ఇంకోరోజు ఎదురింటివాళ్ళు వింటుండగా ఆమె అన్నను బూతులు తిట్టాడు. తిట్టినంతసేపూ గడ్డం మీదికి కారిన చొంగ తుడుచుకోలేదు. వాళ్ళు తలుపు వేసుకున్నారు. దుర్గ చొంగ పడిన నేల కడిగి, వెళ్ళి వాంతి చేసుకుంది.

తెల్లారితే మాత్రం వేరే మనిషి.

"మత్తులో ఏటన్నానో నాకు గుర్తు లేదు దుర్గా. ఒట్టు."

అత్త అసిరమ్మ కొడుకును వెనకేసుకొచ్చేది. "మందు అలా అనిపిత్తాదమ్మా. ఆడు బంగారం."

నిన్న పాప కీర్తన తండ్రి పక్కన కూర్చుని బొమ్మకు రంగులు వేసుకుంటోంది. తిరుమలరావు గ్లాసు ఖాళీ చేసి, పాప గడ్డం పట్టి పైకెత్తాడు.

"దీనికి నా పోలికొక్కటీ లేదు. ఎవుడికి కన్నావే దీన్ని?"

పాప రంగు పెన్సిలు పట్టుకుని అలాగే తల్లి వైపు చూసింది.

ఈ పొద్దున తనే టీ పెట్టి దుర్గకు తెచ్చి ఇచ్చాడు. "నిన్న ఏటైనా అన్నానా? తాగినోడి మాటలు, వొగ్గీ." చిన్నగా నవ్వాడు కూడా.

"ఆ పాడు మందుది తప్పు. ఆడిదేటుంది?" అంది అసిరమ్మ.

ఆ నవ్వు చూసి దుర్గకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. టీ సింకులో పారబోసింది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, గ్లాసులోకి వంచి, అత్త చేతిలో పెట్టింది.

"సీసాలకెక్కించిన మర్నాడే ఆ బీరంతా నాను తూములో పారబోసీసినాను అత్తా, అప్పట్నుంచీ మీ అబ్బాయి తాగతన్నవి తేనే, సోడా కలిపిన గోధుమ నీళ్ళు."