దొర పిస్తోలుకు విస్తరి

రిటైరైన గని ఎలక్ట్రీషియన్ శ్రీశైలానికి పాత యుద్ధాల పిస్తోళ్లంటే ప్రాణం. గొట్టంలో సీసం పోసి మూసేసినవే కొని, ఇల్లెందు అడవి అంచున ఉన్న తన ఇంట్లో పసిపిల్లల్లా తుడుచుకుంటాడు. ఈ మధ్య కొన్నది ఎవరో తెల్లదొరదట. చెక్క పిడి మీద బొటనవేలు అరగదీసిన చిన్న గుంట ఉంది. అందులో తన వేలు పెట్టినప్పుడల్లా, ఎక్కడి మనిషో, ఏ యుద్ధంలో పోయాడో అని శ్రీశైలానికి కళ్లు చెమర్చేవి.

చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య, పెత్రమాస వచ్చింది. భార్య మధులత బతుకమ్మ ఆడడానికి మధిరలో పుట్టింటికి వెళ్లింది. శ్రీశైలమే వండి పెద్దలకు పెట్టాడు. "పాపం, దొరకెవరు పెడ్తరు?" అనుకుని పిస్తోలు ముందు కూడా విస్తరి వేసి, అన్నం, నాటుకోడి కూర వడ్డించాడు.

చీకటి పడింది. అడవిలో కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ముందుగదిలోంచి "ఉస్... ఉస్..." అని వినిపించింది. కారం తగిలిన నోరు చేసే చప్పుడది.

శ్రీశైలం లైటు వేశాడు. విస్తరి ఖాళీ. నీళ్ల చెంబూ ఖాళీ. గోడవైపు తిప్పి పెట్టిన పిస్తోలు ఇప్పుడు అతని వైపు చూస్తోంది.

శ్రీశైలం రెండు చేతులూ ఎత్తేశాడు. "నా తప్పేం లేదు దొరా! గిర్నీల కారం పట్టించి పెట్టింది మా ఆమె. మధిరల ఉన్నది. స్టేషన్ ఎనక గల్లీ, నీలం గేటు!"

చప్పుడు ఆగింది. వీధి తలుపు దానంతటదే తెరుచుకుని, మర్యాదగా మూసుకుంది. శ్రీశైలం పరుగున వెళ్లి గడియ పెట్టాడు.

కాసేపటికి మధులత ఫోన్ చేసింది.

"ఇగో, ఇంటున్నవా? గేటు కాడ ఎవరో ఉస్సు ఉస్సు అనుకుంట నిలబడ్డడు. తలుపు తియ్యమంటవా?"