ఏ మీట దేనికి

“అది లాగకండక్కా, అది వైపరు కాదు, హారను,” అన్నాడు ఎవెలియో, రెండు చేతులతో కడుపు పట్టుకుని.

ఆవిడ అప్పటికే లాగేసింది. బండి గేదెలా అరిచింది. ముందు నడుస్తున్న ముసలాయన గొడుగుతో సహా ఎగిరి పేవ్‌మెంటెక్కి, వెనక్కి తిరిగి ఎవెలియో వంశాన్నంతా తిట్టాడు.

ఎవెలియోది హవానాలో షేర్ టాక్సీ. తాత కొన్న కారు. ఒళ్ళు మాత్రం అప్పటిదే. ఇంజను ఏదో పాత జీపుది, హారను చేపల పడవది. ఇందాక కార్లోస్ తెర్సెరో వీధిలో వస్తూ ఉండగా నడుం పక్కన పోటు మొదలైంది. కిడ్నీలో రాయి. పోయినేడు కూడా ఇలాగే చంపింది. అతను బండి పక్కకి తీసి స్టీరింగు మీద వాలిపోగానే వెనక సీటు వాళ్ళు దిగి, వెనకాలే వచ్చిన ఇంకో టాక్సీ ఎక్కేశారు. ముందు సీట్లో గుడ్డ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఒక్కతే కదల్లేదు.

“ఇటు జరుగు తమ్ముడూ. ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. నేనూ అటే పోవాలి,” అంది.

“మీకు నడపడం వచ్చా?”

“మతాన్సాస్‌లో చెరకు లారీ తోలినదాన్ని. ఒనేలియా అంటే అక్కడ ఎవరైనా చెప్తారు.”

ఆ బండిని ఎవెలియో సొంత తమ్ముడి చేతికి కూడా ఇచ్చి ఎరగడు. కానీ ఇంకో పోటు వచ్చేసరికి పక్కకి జరిగాడు. ఆవిడ దిగి, అటు తిరిగి వచ్చి కూర్చుంది. బండి నాలుగు గజాలు కదిలిందో లేదో, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన.

“అది హారనైతే మరి వైపరు ఏదయ్యా?”

“రేడియో మీట తిప్పండి.”

తిప్పింది. వైపరు సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

“డాష్‌బోర్డు మీద ఒక్కటివ్వండి. అక్కడ కాదు, గడియారం పక్కన.”

ఆవిడ గట్టిగా చరిచింది. వైపరు ఉలిక్కిపడినట్టు లేచి, కీచుమంటూ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

“కనబడుతోందా ఇప్పుడు?”

“ఏం కనబడటం? ఇందాక ఎంతో ఇప్పుడూ అంతే.”

“లోపల ఆవిరి పట్టిందిలెండి. ఫ్యాను వేసుకోండి, స్టీరింగు కింద స్విచ్చు ఉంటుంది.”

అది గోడలకి బిగించే ఇంటి స్విచ్చు. నొక్కితే డాష్‌బోర్డు మీద కట్టిన చిన్న టేబుల్ ఫ్యాను గిర్రున తిరిగింది. ఎవెలియో మూలుగుతూనే చొక్కా చేత్తో అద్దం లోపలివైపు తుడిచాడు. ఆవిడ మెడ ముందుకు చాచి కూర్చుంది.

“లైట్లు?”

“సిగరెట్ వెలిగించేది ఉందే, అది లోపలికి నొక్కండి. చిన్నగా నొక్కాలి, లేకపోతే ఇంజను ఆగిపోతుంది.”

“ఇది కారా, గారడీ పెట్టెనా?”

“నవ్వించకండక్కా, రాయి కదుల్తోంది.”

“అయితే నోరు మూసుకుని దారి చెప్పు. నేను బండి చూసుకుంటా, రోడ్డు నువ్వు చూడు.”

ఎవెలియోకి ఆ మాట నచ్చింది. ఇంట్లో భార్యకి రెండుసార్లు డ్రైవింగ్ నేర్పబోయి రెండుసార్లూ గొడవపడ్డాడు. చెప్పింది చెప్పినట్టు వినే మనిషి ఇన్నాళ్ళకి దొరికింది. నొప్పి కాస్త సందు ఇచ్చినప్పుడల్లా తల ఎత్తి చూసి చెప్పాడు. ఎడమకి, ఇంకా ఎడమకి, గుంత ఉంది, బస్సుని పోనివ్వండి. ఆవిడ చెయ్యి ఎంత నెమ్మదిగా తిరిగేదంటే, పాత గేర్లు కూడా కిక్కురుమనకుండా పడ్డాయి.

ఒకచోట పోటు మెలిపెట్టేసరికి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రొట్టెల బండి ఒకటి సరిగ్గా ఎదురుగా ఉంది.

“బ్రేకు, బ్రేకు!”

ఆవిడ తొక్కింది. టైర్లు నీళ్ళ మీద జారి, రొట్టెల బండికి జానెడు దూరంలో ఆగాయి. బండివాడు టార్పాలిన్ కింద నుంచి తల బయటపెట్టి చేతులు ఊపాడు.

“అంత పెద్ద బండి కనబడలేదా అక్కా?”

“నువ్వు చెప్పలేదుగా తమ్ముడూ.”

పాపం, వానలో ఆవిడ మాత్రం ఏం చేస్తుందని ఎవెలియో వైపరుకి ఇంకో రెండు తగిలించాడు. అక్కణ్ణుంచి పళ్ళు బిగించి, కళ్ళు మూయకుండా కూర్చున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి వాన సన్నబడింది. ఆవిడ అతను చెప్పిన గోడ పక్కనే బండి ఆపి, ఫ్యాను ఆపేసి, రేడియో మీట వెనక్కి తిప్పింది. ఒక్క గీత పడలేదు. తన బండిని తనకంటే బాగా నడిపే మనిషి ఉంటుందని ఎవెలియో అనుకోలేదు.

“లారీ ఎందుకు మానేశారక్కా? మీ చెయ్యి బంగారం. నాకు నయమయ్యేదాకా నా టాక్సీ మీరే తిప్పండి, వచ్చింది చెరిసగం.”

“చూద్దాంలే. ముందు నీ రాయి సంగతి చూసుకో,” అని ఆవిడ నవ్వి, సంచీ తీసుకుని దిగింది.

స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చిన వార్డుబాయ్ ఎవెలియోని దాని మీదికి ఎక్కించాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, “మీరు ఈయనకి తోడా?” అని అడిగాడు.

“కాదు నాయనా,” అంది ఒనేలియా, అతని చెయ్యి కోసం గాల్లో తడుముతూ. “నాది శుక్లాల ఆపరేషను. కళ్ళ వార్డు ఎటో కాస్త చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళవూ?”