మూత లూజు డబ్బా

మళ్లీ చూస్తోంది!

సుమన చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

ఎదుటి బెంచీ మీద ఐలవ్వ. చేతిలో కాగితం ఉంది, చూపు మాత్రం సుమన భర్త చంద్రకాంత్ వైపే.

మెదక్‌లో చర్చి వెనకాల బడిలో ఆదివారాలు బొమ్మల క్లాసు. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకూ, వాళ్లకు సేవ చేసినవాళ్లకూ. జబ్బు పడ్డ మనిషికీ, సేవ చేసిన మనిషికీ కలిపి ఒకటే కాగితం ఇస్తుంది టీచరు కృతిక.

ఐలవ్వ ఒక్కతే వస్తుంది. సగం కాగితం మీదే బొమ్మ వేసి ఊరుకుంటుంది.

"జుట్టు మళ్ల మంచిగొచ్చిందన్నా," అంది ఐలవ్వ. "అన్నం సక్కగ తింటున్నవా?"

"మస్తు తింటున్న చెల్లే," నవ్వాడు చంద్రకాంత్.

సుమనకు ఒళ్లు మండిపోయింది.

నోటితో అన్నా అంటే అయిపోయిందా? ఏడాదిన్నర వాంతులెత్తి పోసింది తాను. చెంచాతో గంజి తాగించింది తాను. మనిషి కాస్త తేరుకున్నాడో లేదో, జుట్టు బాగుందనడానికి ఈవిడ తయారు!

అసలు చంద్రకాంత్ దక్కడమే గొప్ప.

నిరుడు సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. హైదరాబాదు దవాఖానలో పడున్నాడు. అత్యవసరమైన ఇంజెక్షను ఎంత తిరిగినా దొరకలేదు.

సాయంత్రం నర్సు ఒక స్టీలు డబ్బా తెచ్చిచ్చింది. లోపల ఐసుముక్కలు, మధ్యలో ఇంజెక్షను.

"ఎవరో పేషెంటోళ్లు. మాకు ఇగ అక్కర లేదని ఇచ్చి పోయిండ్రు."

సుమన గేటుదాకా పరుగెత్తింది. ఎవరూ లేరు.

డబ్బా మీద మాత్రం ఒక పేరు చెక్కి ఉంది. గాలయ్య.

మెదక్‌లో కనిపించిన ప్రతి గాలయ్యనూ అడిగింది. వాళ్లెవరూ కాదు. దొరికితే కాళ్ల మీద పడాలని మొక్కుకుంది.

ఇప్పటికీ చంద్రకాంత్‌కు పెరుగన్నం ఆ డబ్బాలోనే తెస్తుంది. ఆయన పక్కనే పెడుతుంది.

ఆ ఆదివారం సుమన మంచినీళ్లకు బయటికెళ్లి వచ్చేసరికి, ఐలవ్వ చంద్రకాంత్ బెంచీ దగ్గర నిలబడి ఉంది. కళ్లు తుడుచుకుంటోంది.

"నువ్వు నూరేండ్లు సల్లగుండాలె అన్నా."

ఇక సుమన ఆగలేకపోయింది.

"నా మొగుడు సల్లగుంటే నీకేమొచ్చింది? నీకు మొగుడు లేడా?"

క్లాసంతా ఇటు తిరిగింది.

"లేడక్కా," అంది ఐలవ్వ.

"లేకుంటే పక్కోళ్ల మొగోళ్ల ఎంబడి పడ్తవా? సిగ్గు లేదూ?"

"సుమనా! ఏం మాటలు గవి?" కసిరాడు చంద్రకాంత్.

ఐలవ్వ తన కాగితం మడుచుకుంది, చెప్పులు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగింది.

"డబ్బా జర పైలం అక్కా. మూత లూజుంటది."

"మా డబ్బా సంగతి మాకు తెల్వదా? నువ్వు నడువ్!"

మళ్లీ ఆదివారం ఐలవ్వ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పీడ పోయిందనుకుంది సుమన. ఆ రెండు వారాలూ హాయిగా బొమ్మలేసింది.

చివరి రోజు అందరికీ సర్టిఫికెట్లు పంచింది కృతిక. ఒకటి మిగిలింది.

"ఐలవ్వది. పాపన్నపేటల ఇల్లు ఖాళీ చేసి బొంబాయి దిక్కు భివండి పోయిందట. అడ్రసు ఎవ్వరికి తెల్వది," అంటూ దాన్ని బల్ల మీద పెట్టింది.

సుమన ఊరికే అటు తొంగి చూసింది.

"ఐలవ్వ, భర్త కీర్తిశేషులు గాలయ్య."